మూత్రపు గొట్టం చరిత్ర: శస్త్రవైద్యుడి చేతి నుంచి ఇంటి మంచం దాకా

క్యాథెటర్ అనే మాట వినగానే మనకు ఆసుపత్రి వార్డు గుర్తుకు వస్తుంది. కాని నేడు మన దేశంలో ఎన్నో క్యాథెటర్లు వార్డుల్లో కాదు, ఇళ్లలో మంచాల పక్కన వేలాడుతున్నాయి. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం ఆగిపోయిన పెద్దాయనకు, పక్షవాతంతో మంచం పట్టిన మనిషికి, తుంటి ఎముక విరిగి కదలలేని పెద్దావిడకు డాక్టరు గొట్టం వేసి ఇంటికి పంపుతారు. ఆ తరువాత దాన్ని చూసుకునేది ఎవరు? చాలా ఇళ్లలో భార్య, కొన్ని ఇళ్లలో భర్త. వారి వయసు కూడా అరవయ్యో డెబ్బయ్యో దాటి ఉంటుంది. డిశ్చార్జి కాగితం మీద మందుల పేర్లు ఉంటాయి. గొట్టంలో మూత్రం రాకపోతే ముందు ఏం చూడాలి, సంచి ఎంత ఎత్తులో ఉండాలి, ఎప్పుడు భయపడాలి, ఎప్పుడు అక్కర్లేదు అన్నవి తరచుగా ఉండవు.

ఈ పాఠంలో మనం ఆ గొట్టం చరిత్రను చదువుకుందాం. రోగిని చూసుకునేవారికి చరిత్ర ఎందుకని మీరు అడగవచ్చు. నర్సు హడావుడిగా చెప్పి వెళ్లే ఒక్కొక్క జాగ్రత్త వెనుక కొన్ని దశాబ్దాల అనుభవం, ఒక్కోసారి కొన్ని వేల మంది రోగుల బాధ ఉన్నాయి. కారణం తెలియని జాగ్రత్తను నాలుగు రోజుల్లో మరిచిపోతాం. కారణం తెలిసినదాన్ని మరిచిపోము, పైగా కొత్త ఇబ్బంది వచ్చినప్పుడు మన బుద్ధితో ఆలోచించగలుగుతాం. ఈ చరిత్రలో పరికరం ఎన్నోసార్లు మారింది. దాన్ని వాడే జ్ఞానం మాత్రం పరికరంతో పాటు ఇంటికి రాలేదు. మన విషయానికి కేంద్రం ఇదే.

నాడీ యంత్రం, నెయ్యి

మూత్రం ఆగిపోవడం మనిషి ఎరిగిన అతి పాత బాధల్లో ఒకటి. ఆకలిని ఒక పూట ఓర్చుకోవచ్చు, దీన్ని ఓర్చుకోలేం. అందుకే ప్రాచీన వైద్యాలన్నింటిలోనూ దీనికి ఏదో ఒక గొట్టం కనిపిస్తుంది.

సుశ్రుత సంహిత యంత్రాలను 101గా లెక్కించింది. వాటిలో లోపల బోలుగా ఉండే నాడీ యంత్రాలు 20. మూత్రాశయంలోకి మందును ఎక్కించే ఉత్తరవస్తికి వాడే గొట్టం వీటిలోదే. ముందు చర్మం బిగుసుకుపోయి మూత్రద్వారం ఇరుకయ్యే 'నిరుద్ధప్రకశం' అనే వ్యాధికి ఆ గ్రంథం చెప్పిన చికిత్స చూడండి. ఇనుముతోగాని, కర్రతోగాని, లక్కతోగాని చేసిన, రెండు వైపులా తెరచి ఉన్న గొట్టానికి నెయ్యి పూసి లోపలికి పంపాలి. మూడేసి రోజులకొకసారి ఇంకొంచెం లావు గొట్టం వాడాలి. ఇందులో రెండు సూత్రాలు ఉన్నాయి. జారుడు లేకుండా ఏదీ లోపలికి పంపరాదు, బలప్రయోగం చేయరాదు. నెయ్యి స్థానంలో ఇప్పుడు స్టెరైల్ జెల్లీ వచ్చింది. సూత్రం అదే.

గ్రీకులు వాడిన మాటకు 'కిందికి దించేది' అని అర్థం. ఆ మాటే క్యాథెటర్ అయింది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిద కింద కప్పబడిపోయిన పాంపేయి నగరపు తవ్వకాల్లో కంచు క్యాథెటర్లు దొరికాయి. పురుషుల కోసం చేసినవి రెండు వంపులతో, స్త్రీల కోసం చేసినవి పొట్టిగా ఉన్నాయి. శరీర నిర్మాణం తెలిసినవారి పని అది. ఏడో శతాబ్దపు చైనా వైద్యుడు సున్ సిమియావ్ ఉల్లికాడను గొట్టంగా వాడే పద్ధతిని రాశాడు. కంచు గట్టిది, ఉల్లికాడ మెత్తనిది. గొట్టం లోపలికి వెళ్లాలంటే కొంత గట్టిగా ఉండాలి, బాధ పెట్టకుండా ఉండాలంటే మెత్తగా ఉండాలి. ఈ చిక్కు మరో వెయ్యేళ్లకు పైగా తీరలేదు.

తమ్ముడు చేయించిన గొట్టం

ఈ చిక్కును విప్పడానికి ప్రయత్నించినవారిలో ఒకరు వైద్యుడు కాడు. అమెరికా రాజనీతిజ్ఞుడు, శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ అన్న జాన్ మూత్రాశయంలో రాయితో బాధపడేవాడు. ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో ఉండేవాడు, అన్న బోస్టన్‌లో. వెండి పని చేసే కంసాలి దగ్గర కూర్చుని, ఎలా చేయాలో చెబుతూ, వంగగలిగే వెండి గొట్టాన్ని చేయించి అన్నకు పంపాడు. 1752 డిసెంబరు 8న రాసిన ఉత్తరంలో దాన్ని ఎలా వాడాలో వివరించాడు. మార్గం వంపులకు అనుగుణంగా గొట్టం వంగుతుందని, అవసరమైతే లోపల ఒక తీగను ఉంచి బిగువు తెచ్చుకోవచ్చని, గొట్టం ముందుకు పోతున్న కొద్దీ తీగను వెనక్కి లాగవచ్చని రాశాడు.

జాన్ 1756లో చనిపోయాడు. ఆ గొట్టం అతని రోగాన్ని నయం చేయలేదు. అయినా ఈ ఉదంతం మనకు ముఖ్యం. కుటుంబంలోని మనిషి రోగి బాధను దగ్గరగా గమనించి పరికరాన్ని మార్చించాడు, వాడకాన్ని రాసి పంపాడు. పరికరంతో పాటు సూచనల కాగితం కూడా వెళ్లింది. ఆ రెండో భాగాన్ని మన కాలం తరచుగా మరిచిపోతోంది.

రబ్బరు, కొలత

పద్దెనిమిదో శతాబ్దంలో నేత గొట్టాలకు చెట్టు జిగురు రబ్బరును పూసి మెత్తని క్యాథెటర్లు చేశారు. అవి ఒంటి వేడికి జిగటగా మారేవి, చలికి బిరుసెక్కేవి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి స్థిరపరిచే పద్ధతిని కనుగొన్నాడు. 1844లో పేటెంటు పొందాడు. 1860లో పారిస్ శస్త్రవైద్యుడు ఒగ్యుస్త్ నెలాతోఁ ఆ రబ్బరుతో మెత్తని క్యాథెటర్ చేయించాడు. మన ఆసుపత్రుల్లో చాలాకాలం కనిపించిన ఎర్ర రబ్బరు గొట్టం ఆ వంశానిదే.

అదే పారిస్‌లో శస్త్రచికిత్స పరికరాలు చేసే షారియేర్ గొట్టాల లావుకు ఒక కొలత పెట్టాడు. మిల్లీమీటరులో మూడో వంతు ఒక పాయింటు. 'ఫ్రెంచ్' అని మనం పిలిచే కొలత ఇదే. మీ ఇంట్లో ఉన్న గొట్టం మీద 16 అని ఉంటే దాని బయటి లావు సుమారు 5.3 మిల్లీమీటర్లు. నీళ్లు ఎక్కించే కొస రంగు కూడా కొలతను చెబుతుంది. 12కు తెలుపు, 14కు ఆకుపచ్చ, 16కు నారింజ, 18కి ఎరుపు.

ఇంట్లో చూసుకునేవారికి ఈ కొలతతో పని ఏమిటి? గొట్టం పక్కల నుంచి మూత్రం కారినప్పుడు, 'గొట్టం సన్నగా ఉంది, లావుది వేయమందాం' అనిపిస్తుంది. చాలాసార్లు అది తప్పుడు లెక్క. కారడానికి ఎక్కువగా కారణం మూత్రాశయం ఉండుండి పట్టేయడం, లేదా గొట్టం లోపల అడ్డుపడటం, లేదా మలబద్ధకం. లావు గొట్టం మూత్రాశయాన్ని మరింత రెచ్చగొట్టవచ్చు. పని జరిగేంత సన్నని గొట్టమే మంచి గొట్టం.

గొట్టంతో బతుకు

పందొమ్మిదో శతాబ్దంలో ప్రోస్టేట్ పెరిగిన ఐరోపా వృద్ధులు క్యాథెటర్‌ను తమ వెంట తీసుకు తిరిగేవారు. చేతికర్ర బోలులో, గొడుగు కాడలో, టోపీ అంచులో దాచుకునేవారు. అవసరమైనప్పుడు తామే పెట్టుకుని తీసేవారు. వైద్యులు దీనికి 'క్యాథెటర్ జీవితం' అని పేరు పెట్టారు. ఆ గొట్టాన్ని కడిగేవారు కారు, కడిగినా అలవాటుగా తుడిచేవారు. కొన్నాళ్లకు చలి, జ్వరం పట్టుకునేవి. దానికి కూడా 'క్యాథెటర్ జ్వరం' అనే పేరు వచ్చింది. సూక్ష్మజీవుల సిద్ధాంతం స్థిరపడే వరకు ఆ జ్వరానికి కారణం ఎవరికీ సరిగా తెలియలేదు.

ఈ బతుకు నుంచి బయటపడే దారిలో ఒక పెద్ద అడుగు మన దేశంలో పనిచేసిన వైద్యుడిది. ఐర్లండ్‌కు చెందిన పీటర్ ఫ్రేయర్ 1875లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. ఉత్తర భారతంలో ఇరవయ్యేళ్లు పనిచేసి, మూత్రాశయపు రాళ్లను తీయడంలో పేరు పొందాడు. లండన్‌కు తిరిగి వెళ్లాక పొత్తికడుపు మీదుగా ప్రోస్టేట్‌ను తీసే శస్త్రచికిత్సను 1901లో ప్రకటించాడు. 1926లో మాక్సిమిలియన్ స్టెర్న్, 1931లో జోసెఫ్ మెకార్తీ రూపొందించిన పరికరాలతో కోత లేకుండా, మూత్రమార్గం గుండానే గ్రంథిని తొలిచే పద్ధతి వచ్చింది.

ఇక్కడ మీరు గమనించవలసినది ఒకటుంది. గొట్టం చికిత్స కాదు, చికిత్స దొరికేలోపు ఊరట. ప్రోస్టేట్ వల్ల మూత్రం హఠాత్తుగా ఆగిపోయిన వారికి నేడు ఆల్ఫా బ్లాకర్ మందు కొన్ని రోజులు ఇచ్చి, గొట్టం తీసి చూస్తారు. చాలామంది మళ్లీ తమంత తామే మూత్రం పోయగలుగుతారు. కనుక గొట్టం వేసిన రోజే డాక్టరును అడగవలసిన ప్రశ్న, "ఇది ఎందుకు వేశారు? ఎప్పుడు తీస్తారు?" అని. ఆ ప్రశ్న అడగని ఇళ్లలో గొట్టం నెలల తరబడి ఉండిపోతుంది.

ఫోలీ బెలూను

గొట్టం పెట్టి తీసేయడం ఒక పద్ధతి, లోపలే ఉంచడం మరొకటి. లోపల నిలిచి ఉండాలంటే పాతరోజుల్లో దాన్ని దారాలతో, పట్టీలతో శరీరానికి కట్టేవారు. చర్మం ఒరుసుకుపోయేది.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రపు మూత్రవ్యాధుల వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ (1891–1966) గొట్టం చివర చిన్న బెలూను అమర్చాడు. అతని తొలి ఉద్దేశం ప్రోస్టేట్ శస్త్రచికిత్స తరువాత రక్తస్రావాన్ని ఒత్తిపట్టి ఆపడం. 1935లో తన గొట్టాన్ని అమెరికా యూరాలజీ సంఘం ముందు ప్రదర్శించాడు. అదే కాలంలో ఒక రబ్బరు కంపెనీకి చెందిన పాల్ రైష్ కూడా ఇలాంటి గొట్టానికి పేటెంటు కోరాడు. వివాదం జరిగి, చివరికి పేటెంటు రైష్‌కు దక్కింది. పేరు మాత్రం ఫోలీకి మిగిలింది. మందుల దుకాణంలో 'ఫోలీస్' అని అడిగే గొట్టం ఇదే.

ఫోలీ గొట్టంలో రెండు దారులు ఉంటాయి. ఒకటి మూత్రానికి, మరొకటి బెలూనులోకి నీళ్లు ఎక్కించడానికి. ఆ రెండో కొసలో స్టెరైల్ నీళ్లే ఎక్కిస్తారు, సెలైన్ కాదు. సెలైన్‌లోని ఉప్పు గడ్డకట్టి ఆ సన్నని దారి మూసుకుపోతే బెలూను ఖాళీ కాదు, గొట్టం బయటికి రాదు. ఇంట్లో ఎవరూ ఆ కొసను తాకరాదు, కత్తిరించరాదు. మతిమరుపు ఉన్న వృద్ధులు నిద్రలో గొట్టాన్ని లాగేసుకునే ప్రమాదం ఉంది. నిండిన బెలూను మూత్రమార్గాన్ని చీల్చుకుంటూ వస్తుంది. అందుకే గొట్టాన్ని కొంచెం వదులు ఉంచి తొడకు ప్లాస్టరుతోగాని పట్టీతోగాని అతికించాలి. లాగినా ఆ లాగుడు తొడ మీద పడుతుంది, మూత్రాశయం మీద కాదు. ఒకవేళ గొట్టం ఊడివస్తే మళ్లీ లోపలికి దోయకండి. ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఈ నిర్మాణంలో ఒక లోపం కూడా ఉంది. మూత్రం దిగే రంధ్రం బెలూనుకు పైన ఉంటుంది. బెలూను చుట్టూ కొంచెం మూత్రం ఎప్పుడూ నిలిచే ఉంటుంది. నిలిచిన నీళ్లలో ఏం జరుగుతుందో మన ఊరి చెరువు దగ్గరే చూశాం. రాబోయే కథంతా ఆ నిలువ మూత్రంలోనే ఉంది.

సీసా నుంచి మూసిన సంచికి

ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా ఫోలీ గొట్టం రెండో కొసను మంచం కింద పెట్టిన గాజు సీసాలోకి వదిలేవారు. సీసా మూతి తెరచి ఉండేది. సీసాలో పెరిగిన బ్యాక్టీరియా గొట్టం గుండా పైకి ప్రయాణించేది. నాలుగు రోజులు తిరిగేసరికి దాదాపు ప్రతి రోగి మూత్రంలోనూ బ్యాక్టీరియా కనిపించేది.

1958లో అమెరికా వైద్యాచార్యుడు పాల్ బీసన్ క్యాథెటర్‌కు వ్యతిరేకంగా వాదించే సంపాదకీయం ఒకటి ప్రకటించాడు. మూత్రం పట్టి పరీక్షకు పంపడానికి కూడా గొట్టం వేసే అలవాటు ఉన్న రోజులవి. గొట్టం వేయాలా వద్దా అని ప్రతిసారీ ఆలోచించమన్నాడు. 1966లో కాల్విన్ క్యూనిన్, మెకార్మాక్ మరో విషయం చూపారు. గొట్టాన్ని, సంచిని ఒకే మూసిన మార్గంగా ఉంచి, ఎక్కడా విడదీయకుండా, కింది కొళాయి గుండా మాత్రమే ఖాళీ చేస్తే ఇన్ఫెక్షన్ చాలా ఆలస్యమవుతుంది. కొత్త మందేమీ లేదు. గాలి, చేయి, నేల తగలకుండా దారిని మూశారు, అంతే.

మీ ఇంటి సంచికి సంబంధించిన నియమాలన్నీ ఆ పరిశీలన నుంచి వచ్చినవే. సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి. పడుకున్నా, కుర్చీలో కూర్చున్నా, ఆటోలో ఆసుపత్రికి వెళుతున్నా అంతే. పైకెత్తితే సంచిలోని మూత్రం వెనక్కి వెళుతుంది. సంచి నేలను తాకరాదు. మన నులక మంచాలు, నవారు మంచాలు ఎత్తు తక్కువ. మంచం పట్టెకు తగిలిస్తే సంచి నేల మీద పడుతుంది. అలాంటప్పుడు శుభ్రమైన బకెట్టులో సంచిని నిలబెట్టి, ఆ బకెట్టును ఆ పనికే కేటాయించండి. సంచి సగానికో మూడింట రెండు వంతులకో నిండగానే చేతులు కడుక్కుని ఖాళీ చేయండి. పూర్తిగా నిండితే ఆ బరువు గొట్టాన్ని లాగుతుంది. కొళాయి కొస మగ్గుకు తగలకూడదు. గొట్టానికి, సంచికి మధ్య ఉన్న అతుకును మాత్రం ఊరికే విప్పకండి. స్నానానికి అడ్డుగా ఉందని విప్పి మళ్లీ తగిలిస్తే, మూసిన మార్గం మళ్లీ పాత గాజు సీసా అవుతుంది.

శుభ్రత అంటే ఎంత?

1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్‌లో వెన్నెముక గాయాల కేంద్రం మొదలైంది. అక్కడ లుడ్విగ్ గుట్‌మన్, గాయపడిన సైనికులకు గొట్టాన్ని లోపల ఉంచకుండా, కొన్ని గంటలకొకసారి పెట్టి తీసే పద్ధతిని పాటించాడు. అందుకు శస్త్రచికిత్స గదిలో ఉండేంత శుభ్రత కావాలన్నాడు. ఇంట్లో అది సాధ్యమా?

1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ వేరే సమాధానం ఇచ్చాడు. సబ్బుతో కడిగిన చేతులు, కడిగిన గొట్టం చాలు. మూత్రాశయం ఉబ్బిపోకుండా సమయానికి ఖాళీ చేయడమే ముఖ్యం, సాగిపోయిన మూత్రాశయమే ఇన్ఫెక్షన్‌కు లొంగుతుంది అన్నాడు. మొదట్లో చాలామంది నమ్మలేదు. వేలమంది పక్షవాత రోగులు ఆ పద్ధతితో ఏళ్ల తరబడి మూత్రపిండాలను కాపాడుకున్నారు. చేతులు పనిచేసే వృద్ధులకు, లేదా ఓపిక ఉన్న భాగస్వామికి ఇది నేటికీ మంచి మార్గమే. లోపలే ఉండే గొట్టం బదులు ఇది కుదురుతుందా అని డాక్టరును అడగండి.

ఈ చరిత్ర మీకు ఒక ధైర్యాన్ని ఇవ్వాలి. ఇంటి శుభ్రత ఆసుపత్రి శుభ్రత కానక్కర్లేదు. లోపలే ఉండే గొట్టానికి కూడా రోజుకొకటి రెండుసార్లు మామూలు సబ్బు, నీళ్లతో గొట్టం చుట్టూ, శరీరానికి దూరంగా తుడుస్తూ కడిగితే చాలు. యాంటీసెప్టిక్ లోషన్లు, పౌడరు, పసుపు అక్కర్లేదు. మగవారికి ముందు చర్మం వెనక్కి జరిపి కడిగితే, మళ్లీ ముందుకు జరపడం మరవకండి.

గొట్టం ఎందుకు మూసుకుపోతుంది?

మూసిన సంచి ఇన్ఫెక్షన్‌ను ఆలస్యం చేసింది, ఆపలేదు. నెల రోజులు గొట్టం ఉన్నవారందరి మూత్రంలోనూ దాదాపుగా బ్యాక్టీరియా ఉంటుంది. 1970లలో విలియం కాస్టర్టన్ వంటి శాస్త్రవేత్తలు దీని గుట్టు చెప్పారు. బ్యాక్టీరియా మూత్రంలో ఈదుతూ ఉండదు, గొట్టం గోడకు అంటుకుని జిగురు పొర అల్లుకుని దాని చాటున బతుకుతుంది. పాచిపట్టిన బావి మెట్టు మీద నీళ్లు పోస్తే పాచి పోదు. అలాగే ఆ పొర మందులకు అంత తేలిగ్గా లొంగదు.

ఆ పొరలో ఉండే ఒక బ్యాక్టీరియాకు 1885లో గుస్తావ్ హౌజర్ 'ప్రోటియస్' అని పేరు పెట్టాడు. రూపాలు మార్చుకునే గ్రీకు సముద్ర దేవుడి పేరు అది. మన భాషలో చెప్పాలంటే కామరూపి. ఇది మూత్రంలోని యూరియాను విడగొట్టి అమ్మోనియా చేస్తుంది. మూత్రం క్షారంగా మారుతుంది. అందులోని కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేట్లుగా పేరుకుని, వేడినీళ్ల పాత్రకు పట్టే గారలాగా గొట్టాన్ని మూసేస్తాయి. బ్రిటన్‌లో డేవిడ్ స్టిక్లర్ బృందం ఈ ప్రక్రియను ఏళ్ల తరబడి పరిశీలించింది. ఎక్కువ ద్రవాలు తాగడం, ముఖ్యంగా నిమ్మరసంలాంటి సిట్రేటు ఉన్న పానీయాలు, గార పట్టడాన్ని నెమ్మది చేస్తాయని ఆ పనివల్ల తెలిసింది. గుండె, మూత్రపిండాల జబ్బులు ఉన్నవారు మాత్రం ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరునే అడగాలి.

మూత్రం రావడం ఆగితే కంగారు పడకుండా వరుసగా చూడండి. గొట్టం మడత పడిందా? రోగి దాని మీద పడుకున్నారా? సంచి నిండిపోయిందా, పైన ఉందా? మలబద్ధకం ఉందా? పేరుకున్న మలం పక్కనుంచి ఒత్తినా మూత్రం ఆగుతుంది. ఇవేవీ కాక, రెండు మూడు గంటలుగా చుక్క రాకపోతే, పొత్తికడుపు గట్టిపడి నొప్పి ఉంటే, ఇక ఆలస్యం చేయకండి. రాత్రి అయినా సరే, గొట్టం మార్చగల చోటికి వెళ్లండి. నేర్పించకుండా సిరంజితో నీళ్లు కొట్టి తెరవాలని చూడకండి. తరచుగా మూసుకుపోయేవారికి గొట్టం త్వరత్వరగా మార్చవలసి వస్తుంది. మామూలుగా లేటెక్స్ గొట్టం నాలుగు వారాలకు మించదు, పూర్తి సిలికాన్ గొట్టం మూడు నెలల దాకా ఉంటుంది. రెండూ చూడటానికి ఒకలాగే ఉంటాయి. కాబట్టి ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. గొట్టం వేసిన తేదీ, రకం, కొలత, బెలూనులో ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లు, మార్చవలసిన తేదీ రాయండి. రాత్రివేళ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పుటే మీ తరఫున మాట్లాడుతుంది.

మందుల విజయం, మందుల హద్దు

1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల ఆరియోమైసిన్‌ను వెల్లడించింది. అనేక రకాల బ్యాక్టీరియా మీద పనిచేసిన తొలి మందుల్లో అది ఒకటి. ఆ పరిశోధనశాలను నడిపినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు. అలాంటి మందులు వచ్చాక క్యాథెటర్ జ్వరంతో చనిపోవడం ఎంతో తగ్గింది.

కాని విజయం ఒక అలవాటును కూడా నేర్పింది. మూత్రం మబ్బుగా ఉంటే మాత్ర, వాసన వస్తే మాత్ర, పరీక్షలో బ్యాక్టీరియా కనిపిస్తే మాత్ర. పైన చూశాం కదా, నెల దాటిన గొట్టంలో బ్యాక్టీరియా ఉండటం మామూలే. బాధ, జ్వరం లేనప్పుడు మందు వేస్తే ఆ పొర చావదు, మందుకు లొంగని బ్యాక్టీరియా మాత్రం మిగులుతుంది. 2008లో న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన రోగి మూత్రపు ఇన్ఫెక్షన్‌లో అత్యంత శక్తివంతమైన మందులకు కూడా లొంగని ఎన్‌డీఎం-1 బయటపడింది. అది ప్రపంచమంతటినీ ఉలిక్కిపడేలా చేసింది. అనవసరంగా వాడిన ప్రతి మాత్ర, నిజంగా అవసరమైన రోజున మీ ఇంటి మనిషికి పనికిరాకుండా పోయే మాత్ర కావచ్చు.

మరి ఎప్పుడు పరుగెత్తాలి? చలితో జ్వరం వచ్చినా, నడుము పక్కల నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి మనిషి మత్తుగా, అయోమయంగా మారినా, మూత్రంలో రక్తపు గడ్డలు కనిపించినా వెంటనే వెళ్లండి. అలాంటప్పుడు మందుతో పాటు చాలా రోజుల పాత గొట్టాన్ని మార్చి, కొత్త గొట్టం నుంచే పరీక్షకు మూత్రం తీయాలి.

చూసి భయపడే మరో దృశ్యం ఉంది. కొందరి సంచి ఉన్నట్టుండి ఊదారంగుకు తిరుగుతుంది. 1978లో వైద్య పత్రికల్లో దీన్ని వర్ణించారు. మలబద్ధకం ఉన్నవారి పేగుల్లో పుట్టిన పదార్థం మూత్రంలోకి వచ్చి, బ్యాక్టీరియా చేతిలో నీలిమందు, ఎరుపు రంగులుగా మారుతుంది. రంగు దానంతటదే ప్రమాదం కాదు. మలబద్ధకం సరిచేయాలని, గొట్టం చూపించుకోవాలని చెప్పే గుర్తు.

మన ఇళ్లు

2001 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారు సుమారు 7.7 కోట్లు. 2011 నాటికి వారు 10.4 కోట్లయ్యారు. పిల్లలు ఉద్యోగాలకు నగరాలకో విదేశాలకో వెళ్లగా, ఇంట్లో ఇద్దరే మిగిలిన కుటుంబాలు మన తెలుగు ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. ఆ ఇద్దరిలో ఒకరికి గొట్టం పడితే రెండోవారే నర్సు.

ఇక్కడ ఉన్నది పరికరం సమస్య ఒక్కటే కాదు. నలభై యాభై ఏళ్లు కాపురం చేసినా, భర్త తన సంచిని భార్య ఖాళీ చేస్తుంటే తలతిప్పుకుంటాడు. చుట్టాలు వస్తే గదిలోంచి బయటికి రాడు. గొట్టం కనపడకుండా పంచె కింద తొడకు కట్టే చిన్న సంచి దొరుకుతుంది, పగటిపూట దానితో గుడికో అరుగు మీదికో వెళ్లవచ్చు. సంచి మీద ఒక గుడ్డ తొడుగు వేసినా ఎంతో గౌరవం మిగులుతుంది. రాత్రి పెద్ద సంచి తగిలిస్తే భార్య నాలుగుసార్లు లేవనక్కర్లేదు. ఆమె నిద్ర కూడా చికిత్సలో భాగమే. ఆమె పడిపోతే ఆయనను చూసేవారు ఎవరు?

దీనికి సమాజం చేయగలిగింది ఏమిటో కేరళ చూపింది. 1993లో కాలికట్‌లో మొదలైన పాలియేటివ్ కేర్ సంఘం నుంచి ఇంటింటికీ వెళ్లే నర్సుల, స్వచ్ఛంద సేవకుల వ్యవస్థ పెరిగింది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని విధానంగా స్వీకరించింది. మంచం పట్టినవారి గొట్టం మార్చడం, ఇంట్లోవారికి దాన్ని చూసుకోవడం నేర్పడం ఆ నర్సుల నిత్యకృత్యం. గొట్టం మార్పించడానికి వృద్ధుణ్ణి ఆటోలో పడేసుకుని వెళ్లే అవస్థ అక్కడ చాలామందికి తప్పింది. తెలంగాణలో కూడా ఆ తరువాత జిల్లా స్థాయి పాలియేటివ్ కేర్ కేంద్రాలు వచ్చాయి. మీ ప్రాంతంలో ఇలాంటి సేవ ఉందేమో ప్రభుత్వ ఆసుపత్రిలో విచారించండి. లేకపోతే, డిశ్చార్జికి ముందే వార్డులోని నర్సును అడిగి సంచి ఖాళీ చేయడం, గొట్టం అతికించడం మీ చేత్తో మీరే ఒకసారి చేసి చూపండి. చూసింది మరిచిపోవచ్చు, చేసింది మరిచిపోము.

సారాంశం

ఈ పాఠంలో మనం గొట్టం మూడు దశలు దాటడం చూశాం. మొదట లోహం మెత్తని రబ్బరైంది. తరువాత కట్లు పోయి బెలూను వచ్చింది. ఆపైన తెరచిన సీసా మూసిన సంచి అయింది. గమనిస్తే, వీటిలో ఎక్కువ మేలు చేసిన మార్పులు ఖరీదైనవి కావు. నెయ్యి పూయడం, సంచిని కింద ఉంచడం, అతుకును విప్పకపోవడం, చేతులు కడుక్కోవడం, ఇంకా అవసరముందా అని అడగడం. ఇవన్నీ ఇంట్లో చేయగలిగినవే.

ఫ్రాంక్లిన్ తన అన్నకు గొట్టంతో పాటు ఉత్తరం కూడా పంపాడు. మన ఆసుపత్రులు గొట్టంతో పాటు ఆ ఉత్తరాన్ని కూడా ఇచ్చే రోజు రావాలి. అప్పటిదాకా, మంచం పక్కన కూర్చున్న పెద్దావిడ నోటు పుస్తకంలో రాసుకునే తేదీలు, కొలతలే ఆ ఉత్తరం. దాన్ని ఆమె చేత రాయించే పని, చదువుకున్న పిల్లలుగా, ఇరుగుపొరుగుగా మనది.